సలీం అలీ - గిజిగాళ్లు

మదురై నగరంలో మాట్టుతావణి అనే చోటు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పశువుల సంత జరిగేది. అందువల్లనే ఆ పేరు వచ్చింది. ఇప్పుడక్కడ పెద్ద బస్సు నిలయం ఉన్నది. మాట్టుతావణిలో బస్సెక్కి ఏ పల్లె వైపు వెళ్లినా, ఊరు దాటిన కొంతసేపటికి చెరువు గట్లు, గట్ల మీద తాటిచెట్లు, తుమ్మచెట్లు కనిపిస్తాయి. వానలు పడే రోజులలో ఆ చెట్ల కొసలకు సొరకాయ బుర్రలను తలక్రిందులుగా కట్టినట్లు గూళ్లు వ్రేలాడుతూ ఉంటాయి. వాటిని అల్లిన పిట్టను మనం ఇంటిలో గిజిగాడు అంటాము. వీధిలోకి వెళితే తూక్కణాంకురువి అంటాము. పేరు ఏదైనా పిట్ట ఒకటే. పిచ్చుక కన్న పెద్దది కాదు.

ఈ గూటిని గురించి మన పెద్దలు ఎన్నో కథలు చెబుతారు. గిజిగాడు మిణుగురు పురుగులను తెచ్చి, తడిమట్టిలో అతికించి, రాత్రిపూట గూటిలో దీపం పెట్టుకుంటుందని ఒక కథ. గూటి లోపల మట్టిముద్దలు ఉండే మాట నిజమే. మిణుగురుల మాట మాత్రం కల్పన. గాలికి గూడు మరీ ఊగిపోకుండా ఆ మట్టి బరువుగా పనికివస్తుందని కొందరి అభిప్రాయం. మరొక కథ ఏమిటంటే, గిజిగాడు దంపతులు అన్యోన్యంగా కలిసి గూడు కట్టుకొని కాపురం చేస్తాయని. వినడానికి ఇది చాలా బాగుంటుంది. కాని గూటిని ఎవరు కడుతున్నారు, ఎవరి కోసం కడుతున్నారు, కట్టిన తరువాత ఏం జరుగుతున్నది అని చెట్టు దగ్గర కూర్చుండి నెలల తరబడి చూచిన మనిషికి వేరే సంగతి తెలిసింది. ఆ మనిషి పేరు సలీం అలీ. అప్పటికి ఆయనకు పట్టా లేదు, ఉద్యోగమూ లేదు.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించాడు. ఇంటిలో అందరికన్న చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి చనిపోయారు. ఆ పిల్లలందరినీ మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంటికి తెచ్చుకొని పెంచారు. వారికి సంతానం లేదు. కేత్‌వాడీ అనే పేటలో ఉన్న ఆ ఇల్లు ఎప్పుడూ పిల్లలతో నిండి ఉండేది.

మేనమామకు వేట అంటే ఇష్టం. ఆయన ఇచ్చిన బొమ్మ ఎయిర్‌గన్నుతో పదేళ్ల సలీం ఒకనాడు ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకొని చూస్తే దాని గొంతు మీద పసుపు మరక ఉన్నది. ఇంటి చూరులో ఉండే పిచ్చుకలకు అటువంటి మరక ఉండదు. ఇది వేరే పిట్ట అయితే దీని మాంసం తమ మతం ప్రకారం తినవచ్చునా, కూడదా అని కుర్రవాడికి సందేహం వచ్చింది. మేనమామకూ తెలియలేదు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. ఆ సంఘం 1883లో ఏర్పడింది. సంఘం కార్యదర్శి మిల్లార్డ్ అనే దొరకు ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చి, మేనల్లుణ్ణి పంపించాడు.

కాగితంలో చుట్టిన చచ్చిన పిచ్చుకతో, గుండె దడదడలాడుతుండగా, సలీం ఆ కార్యాలయం మెట్లెక్కాడు. మిల్లార్డ్ కోప్పడలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, సొరుగులు ఒక్కొక్కటే తెరిచి, వందల కొద్దీ పిట్టల నమూనాలు చూపించాడు. పక్షులను గురించిన పుస్తకాలు ఇచ్చాడు. చచ్చిన పిట్ట చర్మం ఒలిచి, ఎండబెట్టి, పాడుకాకుండా దాచడం నేర్పే ఏర్పాటు చేశాడు. ఆ పిచ్చుకను తినవచ్చునా కూడదా అన్న ప్రశ్న ఏమయిందో గాని, కుర్రవాడి జీవితం మాత్రం ఆ గదిలోనే మలుపు తిరిగింది. చాలా ఏళ్ల తరువాత, 1985లో, తన ఆత్మకథను ప్రచురించినపుడు ఆయన దానికి ఆ పిచ్చుక పేరు వచ్చేటట్లే శీర్షిక పెట్టుకున్నారు.

చదువు అంత బాగా సాగలేదు. సెయింట్ జేవియర్ కళాశాలలో చేరిన మొదటి ఏడాదే చతికిలబడ్డారు. బర్మాలోని తవాయ్‌లో ఇంటివారికి గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. అవి చూచుకోవడానికి 1914లో వెళ్లారు. అక్కడి అడవుల నిండా పిట్టలే. వ్యాపారం ఎంత సాగిందో మనం ఊహించవచ్చు. 1917లో బొంబాయికి తిరిగి వచ్చి, ఒకవైపు వాణిజ్యశాస్త్రం, మరొకవైపు జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో దూరపు బంధువు అయిన తెహ్మీనాతో ఆయనకు వివాహం జరిగింది. మళ్లీ కొన్నేళ్లు బర్మా. ఈసారి వ్యాపారం పూర్తిగా మూతపడింది.

పక్షుల శాస్త్రవేత్తగా ఎక్కడైనా చేరుదామంటే విశ్వవిద్యాలయ పట్టా అడిగేవారు. ఆయన దగ్గర అది లేదు. చివరకు 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో చూడవచ్చిన వారికి జంతు నమూనాలను వివరించే ఉద్యోగం దొరికింది. రెండేళ్లు చెప్పినదే చెప్పి విసిగిపోయారు. 1928లో చదువు కోసం సెలవు పెట్టి జర్మనీకి బయలుదేరారు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షిశాస్త్రవేత్త ఆయనను ఆదరించి పని నేర్పాడు. పట్టా ఉన్నదా అని స్ట్రెసెమాన్ చూడలేదు, కన్ను ఉన్నదా అని చూచాడు. సలీం అలీ జీవితాంతం ఆయననే తన గురువుగా చెప్పుకున్నారు.

1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆ ఉద్యోగాన్ని తీసివేశారు. ముప్పైమూడేళ్ల వయసు, విదేశంలో పొందిన శిక్షణ, చేతిలో కానీ లేదు. బొంబాయిలో కాపురం ఖర్చుతో కూడినది. భార్యాభర్తలు సముద్రానికి అవతల ఒడ్డున, అలీబాగ్ దగ్గర ఉన్న కిహీం అనే చిన్న పల్లెకు వెళ్లి ఒక చిన్న ఇంటిలో ఉన్నారు. సుఖంగా పెరిగిన తెహ్మీనా ఆ పల్లె జీవితానికి సంతోషంగా ఒప్పుకున్నది. ఆమె ఒప్పుకోకపోతే ఈ పాఠం లేదు.

ఆ ఇంటికి దగ్గరలోనే గిజిగాళ్ల గూళ్లు ఉన్నాయి. వానలు మొదలయ్యాయి. పని లేని మనిషికి పని దొరికింది.

ఆ రోజులలో పక్షిశాస్త్రం అంటే పిట్టను కాల్చి, చర్మం ఒలిచి, కొలతలు వ్రాసుకొని, ఏ జాతిదో నిర్ణయించి సొరుగులో పెట్టడం. సలీం అలీ కూడా అటువంటి పని చాలా చేశారు. కాని గిజిగాళ్ల విషయంలో తుపాకి వల్ల ప్రయోజనం లేదు. చచ్చిన పిట్ట తాను ఎవరితో జతకట్టిందో చెప్పదు. ఆయన గూళ్లకు చేరువలో చాటు చేసుకొని, పిట్టలు బెదరకుండా గంటల తరబడి లోపల కూర్చునేవారు. ఏ పిట్ట ఎప్పుడు వచ్చింది, ఏమి తెచ్చింది, ఏ గూటిలో దూరింది, ఎంతసేపు ఉన్నది, అన్నీ వ్రాసుకునేవారు. బయట వాన, లోపల దోమలు. ఇవాళ జరిగినది రేపు జరుగుతుందన్న నమ్మకం లేదు కనుక ఒక్క రోజు మానడానికి వీలులేదు.

ఆయన చూచినది ఏమిటంటే, గూడు కట్టేది మగపిట్ట. వానకాలం రాగానే మగపిట్ట తల మీద, రొమ్ము మీద పసుపు రంగు వస్తుంది. ఆడపిట్ట మాత్రం పిచ్చుక రంగులోనే ఉంటుంది. మగపిట్టలు పది, ఇరవై కలిసి ఒకే చెట్టు ఎంచుకుంటాయి. చెట్టుకు ముళ్లు ఉండాలి, లేదా కొమ్మ నీటి మీదికి వ్రాలి ఉండాలి. పాము, కాకి రావడానికి అది కష్టం. వరి ఆకు గాని, గడ్డి గాని, తాటాకు గాని అంచున ముక్కుతో గంటు పెట్టి, కొస పట్టుకొని ఎగురుతుంది. పొడుగాటి పోగు చీలి వస్తుంది. ఒక్కొక్క పోగు జానెడు నుండి మూరెడు దాకా ఉంటుంది. ముక్కుతో, కాళ్లతో ముడులు వేస్తూ, దూరుస్తూ, లాగుతూ అల్లుతుంది. ఒక గూటికి ఇంచుమించు అయిదు వందల సార్లు పోగులు తేవలసి వస్తుంది.

మొదట వ్రేలాడే కట్టు, తరువాత ఒక వలయం, ఆ తరువాత దాని మీద కప్పు. ఈ దశకు రావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. చూడడానికి మోటారుసైకిలు నడిపేవారు పెట్టుకొనే హెల్మెట్‌ను గడ్డం పట్టీతో సహా కొమ్మకు తగిలించినట్లు ఉంటుంది. (సలీం అలీకి మోటారుసైకిళ్ల పిచ్చి ఉండేది. 1950లో స్వీడన్‌లో పక్షిశాస్త్రవేత్తల మహాసభకు వెళ్లినపుడు తన సన్‌బీమ్ మోటారుసైకిలును ఓడలో వెంట తీసుకొనిపోయారు. పాపం, ఆయన ఇండియా నుండి దాని మీదనే వచ్చారని అక్కడివారు కొందరు అనుకున్నారట!) ఇక్కడ మగపిట్ట పని ఆపివేస్తుంది. చేతకాక కాదు. ఇక మిగిలిన సగం కట్టాలో వద్దో నిర్ణయించేది అది కాదు.

ఒకనాడు ఆడపిట్టలు గుంపుగా వచ్చి చెట్టు మీద వాలుతాయి. అంతవరకు పోగుల గొడవలో ఉన్న మగపిట్టలన్నీ తమ తమ సగం గూళ్లకు వ్రేలాడి, రెక్కలు టపటప కొట్టుకుంటూ, గీ గీ అని ఒకటే అరుపు. సంతలో దుకాణదారుల కేకలు మీరు విన్నారు కదా, అటువంటి హడావుడి. ఆడపిట్టలు మాత్రం తొందరపడవు. ఒక గూటిలో దూరి, వలయం మీద కూర్చుండి, అటూ ఇటూ చూచి, పోగులు లాగి చూచి, బయటకు వచ్చి ప్రక్క గూటికి పోతాయి. ఒక ఆడపిట్టకు ఒక గూడు నచ్చితే అందులోనే ఉండిపోతుంది. అప్పుడు ఆ మగపిట్టతో జతకడుతుంది. ఆ తరువాతనే మగపిట్ట గుడ్ల గది, క్రిందికి దిగే పొడుగాటి గొట్టం అల్లి గూడు పూర్తిచేస్తుంది.

అంతటితో కాపురం మొదలయిందని మనం అనుకుంటాము. మగపిట్ట అలా అనుకోదు. మొదటి ఆడపిట్ట గుడ్లు పొదుగుతుండగానే అది దగ్గరలో మరొక గూడు మొదలుపెడుతుంది. అది సగమయ్యేసరికి మరొక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే అక్కడా అదే కథ. వానలు, పోగులు ఉన్నంతకాలం ఇలా రెండు మూడు గూళ్లు, రెండు మూడు సంసారాలు. రెండు నుండి నాలుగు తెల్లని గుడ్లు పెట్టడం, రెండు వారాలకు పైగా పొదగడం, పిల్లలకు మేత పెట్టడం చాలావరకు ఆడపిట్ట పనే. మగపిట్ట ఇచ్చే కానుక ఇల్లు. ఆ ఇంటిని పరీక్షించి ఔను, కాదు అనే అధికారం ఆడపిట్టది.

సలీం అలీ ఈ సంగతులన్నీ 1931లో బొంబాయి సొసైటీ పత్రికలో ప్రచురించారు. అన్యోన్య దంపతుల కథ అంతటితో నిలవలేదు. ఆయన పేరు తొలిసారిగా పక్షిశాస్త్రవేత్తల లోకంలో బాగా వినబడింది.

ఈ వ్యాసానికి అంత విలువ ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనుకకు వెళ్లాలి. 1871లో ఛార్లెస్ డార్విన్ ఒక పుస్తకంలో ఒక ఊహ చెప్పాడు. జంతువులలో చాలాచోట్ల ఆడది మగవాటిని పోల్చి చూచి, నచ్చినదానిని ఎంచుకుంటుంది. అందువల్లనే మగ నెమలికి ఆ పురి, మగపిట్టలకు ఆ రంగులు, ఆ పాటలు తరతరాలుగా పెరుగుతూ వచ్చాయి అన్నాడు. డార్విన్‌తోపాటు పరిణామవాదాన్ని చెప్పిన వాలేస్ కూడా ఈ మాటను ఒప్పుకోలేదు. ఆడపక్షికి అంత ఎంపిక చేసే తెలివి ఎక్కడిది అని చాలామంది పెద్దమనుషులు నవ్వారు. దాదాపు అరవై ఏళ్ల తరువాత కిహీంలో ఒక నిరుద్యోగి కళ్ల ముందు గిజిగాళ్ల ఆడపిట్టలు గూడు గూడుకు తిరిగి ఎంపిక చేశాయి.

ఆడది ఎందుకు అంత జాగ్రత్తపడుతుంది? గుడ్డు పెట్టేది ఆమె. ఒక్కొక్క గుడ్డులో ఆమె తిన్న తిండి, ఆమె ఒంటి బలం ఉంటాయి. వానకాలం దాటితే మళ్లీ ఏడాది దాకా అవకాశం రాదు. గూడు తెగి నీటిలో పడినా, పాము వచ్చినా ఆమె కష్టమంతా పోతుంది. మగపిట్టకు ఒక గూడు పోతే మరొకటి అల్లుకోవచ్చు. నష్టం ఎవరికి ఎక్కువో వారే ఎక్కువ పరీక్షిస్తారు. మన ఇళ్లలో పిల్లనిచ్చేటప్పుడు పెద్దవాళ్లు వెళ్లి ఇల్లు, వాకిలి చూచి రావడం లేదా? అయితే గిజిగాళ్లలో చూడవచ్చేది పెళ్లికూతురే.

కానుక ఇచ్చి జత కోరడం పిట్టలలోనే ఉన్న ఆచారం కాదు. సాలెపురుగులలో కూడా ఉన్నది. ఐరోపా పొలాలలో పిసౌరా అనే ఒక జాతి సాలీడు ఉన్నది. అది గూడు పన్ని కాచుకొని కూర్చోదు, నేల మీద తిరిగి వేటాడుతుంది. మగ సాలీడు ఒక ఈగను పట్టి, తాను తినకుండా, తన పట్టుదారంతో తెల్లని మూటగా చుట్టి, నోట కరచుకొని ఆడదాని దగ్గరకు పోతుంది. ఆడది మూటను అందుకొని తింటూ ఉన్నంతసేపే జత. వట్టి చేతులతో పోయిన మగదానికి జత దొరకడం కష్టం. ఒక్కొక్కసారి దానినే ఆడది తినివేస్తుంది. ఇంకొక వింత ఉన్నది. కొన్ని మగ సాలీళ్లు ఈగను తామే తినివేసి, మిగిలిన పొట్టును గాని, ఏదో గింజను గాని అంతే అందంగా చుట్టి తీసుకొనిపోతాయి. 2011లో డెన్మార్క్ పరిశోధకులు దీనిని పరీక్షించి చూచారు. మోసపు మూటతో జత దొరికింది గాని, లోపల ఏమీ లేదని తెలియగానే ఆడది త్వరగా విడిచిపోయింది. అంటే మగది మోసం నేర్చినకొద్దీ ఆడది పరీక్ష నేర్చింది. వేల తరాలలో కానుక, పరీక్ష ఒకదానినొకటి పెంచుకుంటూ వచ్చాయన్నమాట.

గిజిగాడి కానుకలో ఆ మోసం అంతగా సాగదు. దానిని మూటకట్టి దాచడానికి లేదు, లోపలికి దూరి చూడవచ్చు. అందుకే కాబోలు మగపిట్ట సగం గూటి దగ్గరే ఆగి తీర్పు కోసం ఎదురుచూస్తుంది. ఆడపిట్ట దేనిని ఎక్కువ చూస్తుందని తరువాతివారు పరిశీలించారు. అల్లిక నేర్పు కన్న గూడు ఉన్న చోటుకే అది ఎక్కువ విలువ ఇస్తుందని తేలింది. ఎత్తుగా, ముళ్లచెట్టు మీద, సన్నని కొమ్మకు ఉన్న గూటికి శత్రువు రావడం కష్టం. మనం మెచ్చుకొనే నేత కన్న ఆమె మెచ్చుకొనే కొమ్మ ముఖ్యం!

మగపిట్ట పిల్లలను వదలి మరొక గూటికి ఎలా పోగలుగుతుంది? ఇంగ్లండుకు చెందిన జాన్ క్రూక్ ఆఫ్రికాలో, ఆసియాలో ఉన్న సుమారు 90 జాతుల అల్లిక పిట్టలను పోల్చి 1964లో దీనికి జవాబు చెప్పాడు. దట్టమైన అడవిలో పురుగులు తిని బ్రతికే జాతులలో మేత దొరకడం కష్టం. అక్కడ తల్లిదండ్రులిద్దరూ తెస్తే గాని పిల్లలు బ్రతకవు. అందుచేత ఒక మగకు ఒకే ఆడ. గింజలు సమృద్ధిగా దొరికే బయలు ప్రదేశాలలో తల్లి ఒక్కతే పిల్లలను సాకగలదు. అక్కడ మగపిట్టలు గుంపుగా గూళ్లు కట్టి, ఒకటికి మించి జతలు కోరుతాయి. మన గిజిగాడు ఈ రెండవ రకం. సలీం అలీ ఒక చెట్టు దగ్గర చూచినది, క్రూక్ రెండు ఖండాలలో చూచాడు.

సలీం అలీ గిజిగాళ్లను అంతటితో వదలలేదు. తరువాత కాలంలో ఆయన దగ్గర పరిశోధన చేసిన తొలి విద్యార్థులలో వి. సి. అంబేద్కర్ ఒకరు. ఆయన అల్లిక పిట్టల సంతానోత్పత్తి మీదనే గ్రంథం వ్రాశారు. చాలాకాలం ఎవరి కంటా పడని ఫిన్ గిజిగాడు అనే అరుదైన జాతిని కుమావోన్ కొండల క్రింది గడ్డి మైదానాలలో మళ్లీ కనుగొన్నది కూడా సలీం అలీయే.

కిహీం తరువాత దంపతులు మన కోయంబత్తూరుకు ఎగువన, నీలగిరులలోని కోటగిరిలో కొన్ని నెలలు ఉన్నారు. హైదరాబాదు సంస్థానంలో పక్షుల గణన మొదలయింది. సంస్థానం ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పనిచేస్తానని సలీం అలీ ఒప్పుకున్నారు. 1931, 1932 సంవత్సరాలలో ఆ తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల అడవులలో గుడారాలు వేసుకొని తిరిగారు. తెహ్మీనా వెంట ఉండి శిబిరం పనులన్నీ చూచుకునేది. ఆ తరువాత తిరువాన్కూరు, కొచ్చి, ఇంకా ఎన్నో సంస్థానాలు. ఏ ఊరిలోనూ నిలకడైన ఇల్లు లేదు.

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనా హఠాత్తుగా చనిపోయింది. సలీం అలీ క్రుంగిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. బొంబాయిలో సోదరి ఇంటికి చేరి, శేష జీవితం ఆ కుటుంబంతోనే గడిపారు. ఆ దుఃఖంలో రెండేళ్లు గడిచిన తరువాత, 1941లో, ఆయన వ్రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం వెలువడింది. బొమ్మలతో, తేలిక మాటలతో ఉన్న ఆ పుస్తకం చేతబట్టుకొని ఎందరో మామూలు మనుషులు పిట్టల పేర్లు నేర్చుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల పెద్ద గ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది.

బిరుదులు ఆలస్యంగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1976లోనే వచ్చిన గెట్టీ బహుమతి 50,000 డాలర్లను ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చివేశారు. 1985లో రాజ్యసభ సభ్యునిగా నియమితులయ్యారు. భరత్‌పూర్ పక్షుల మడుగు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి నిలవడానికి ఆయన మాట సహాయపడింది. తుపాకితో మొదలుపెట్టిన మనిషి ఇంత దూరం వచ్చారు. అయినా శాస్త్రం కోసం తాను చంపిన పిట్టల సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు. ఆ నిజాయితీ వల్లనే ఆయన వ్రాతలను నమ్మబుద్ధి పుడుతుంది.

1987 జూన్ 20న, తొంబై ఏళ్ల వయసులో, బొంబాయిలో సలీం అలీ మరణించారు. ఆ తీరంలో వానలు మొదలై మగ గిజిగాళ్లకు పసుపు రంగు వచ్చే రోజులు అవి. మూడేళ్ల తరువాత, 1990లో, కేంద్ర ప్రభుత్వం ఆయన పేరుతో ఒక పక్షిశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. దానిని బొంబాయిలో పెట్టలేదు. మన కోయంబత్తూరు దగ్గర, ఆనైకట్టి కొండల అంచున పెట్టింది.

కోయంబత్తూరు నుండి ఆనైకట్టికి పోయే బస్సులో గాని, మాట్టుతావణి నుండి మీ ఊరికి పోయే బస్సులో గాని వానకాలంలో కిటికీ ప్రక్కన కూర్చున్నపుడు చెట్టు వైపు చూడండి. పొడుగు గొట్టాలు దిగిన గూళ్ల నడుమ, సగంలో ఆగిపోయిన గూళ్లు కొన్ని కనిపిస్తాయి. గాలివాన చెడగొట్టిందని పెద్దవాళ్లు అంటారు. చాలావరకు అది గాలివాన పని కాదు. ఒక ఆడపిట్ట లోపలికి దూరి, పోగు లాగి చూచి, నచ్చక ప్రక్క గూటికి వెళ్లిపోయింది.